27 అంగుళాల మానిటర్‌కు మూడు రూపాయల వడ్డీ

ప్రశ్న: ఖమ్మంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. సీజన్‌లో నెలకు 60 వేలు వస్తాయి, ఆషాఢంలో, మూఢాల్లో 10 వేలు రావడం కూడా కష్టం. ఇంటి ఖర్చు 26 వేలు, బ్యాంకులో ఉన్నది 34 వేలు. ఇప్పుడు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మీద పని చేస్తున్నాను. 27 అంగుళాల 5కె మానిటర్ 1,20,000 అంటున్నారు, అదే సైజులో 4కె 27 వేలు. ఒక యాప్ నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి 18 నెలల అప్పు ఇస్తానంటోంది. పనిముట్టే కదా, 5కె తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. 'పనిముట్టే కదా' అన్న మాట నాకొచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపిస్తోంది, అందుకే దీనికి జవాబు రాస్తున్నాను.

ముందు తెర లెక్క చూద్దాం. తెర మీది బొమ్మంతా పిక్సెళ్లనే చిన్న చుక్కలే. అడ్డం పిక్సెళ్ల వర్గానికి నిలువు పిక్సెళ్ల వర్గం కలిపి, వర్గమూలం తీసి, మూల నుంచి మూలకున్న అంగుళాలతో భాగించండి. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో వస్తుంది. మీ పాత ఫుల్ హెచ్‌డీ (1920, 1080) తెరకు 92. 27 అంగుళాల్లో 4కె (3840, 2160) అయితే 163, 5కె (5120, 2880) అయితే 218.

ఇప్పుడు కుర్చీలో కూర్చుని కంటి నుంచి తెరకు టేపు పెట్టండి. రెండడుగులు, అంటే 24 అంగుళాలు ఉంటుంది. 3,438ని అంగుళానికున్న పిక్సెళ్ల సంఖ్యతో భాగిస్తే, మామూలు చూపుకు చుక్కలు విడిగా కనపడని దూరం అంగుళాల్లో తెలుస్తుంది. పాతదానికి 37, కాబట్టి మార్చాలనుకోవడం సబబే. 4కెకు 21 చాలు. మీరు కూర్చునే చోటి నుంచి 4కెలోనే చుక్క కనపడదు. పైన పెట్టే 93 వేలు దేనికి?

ఆల్బమ్‌లో 12x36 అంగుళాల షీటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 10,800 x 3,600 పిక్సెళ్లు. అది 5కెలోనూ పూర్తిగా పట్టదు, జూమ్ చేసుకునే చూస్తారు. ల్యాబ్ నుంచి వచ్చాక చీర రంగు మారిందంటే అది పిక్సెళ్ల గొడవ కాదు, క్యాలిబ్రేషన్, అంటే తెర రంగులను సరిచేసుకునే పని, దాని గొడవ.

ఇక వడ్డీ. తగ్గే బాకీ మీద లెక్కేసినా ఈఎంఐ సుమారు 8,725, మొత్తం వడ్డీ 37 వేలు. ఆ వడ్డీ డబ్బుతోనే 4కె కొనుక్కుని పది వేలు జేబులో వేసుకోవచ్చు! 18 నెలల్లో ఆషాఢం రాకుండా పోదు. 10 వేలు వచ్చిన నెలలో ఈఎంఐ కట్టాక ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

నన్ను భయపెట్టింది మీ 34 వేలే. నెలా పది రోజులకు కూడా సరిపోవు. ఏటా పని ఆగే నెలలు ముందే తెలిసిన వృత్తిలో ఉండి ఆరు నెలల ఖర్చు, అంటే 1,56,000 పక్కన లేకపోవడమే మీ అసలు సమస్య. 4కె కూడా ఇప్పుడే కొనకండి, చేతిలో 7 వేలు మిగులుతాయి. మాఘం, ఫాల్గుణాల్లో నెలకు 34 వేలు మిగిల్చితే మొత్తం 1,02,000 అవుతుంది. అప్పుడు కొన్నా 75 వేలు ఉంటాయి. ఆ డబ్బు యూపీఐ తగిలించని వేరే ఖాతాలో వేయండి. 1,56,000 నిండేదాకా గ్రాఫిక్స్ కార్డు ఊసెత్తొద్దు.

బంగారం మీద తెస్తే వడ్డీ తగ్గుతుంది, కానీ అదీ అప్పే. ఆరోగ్య బీమా మాట మీ ఉత్తరంలో లేదు. లేకపోతే మానిటర్ కంటే ముందు అది.

ఫోన్‌లో కాంటాక్టులు తీసుకోవద్దని ఆర్‌బీఐ 2022లోనే అప్పు యాప్‌లకు చెప్పింది. మీరు ఆ యాప్‌కు అనుమతి ఇచ్చేసి ఉంటే ఈ రాత్రే తీసేయండి.