సున్నుండ ఇంటికొచ్చాక

అమ్మలూ,

ఫోటో చూశాను. సున్నుండ రంగు, ఒక చెవి నిలబడి ఒకటి వాలిపోయి, అచ్చంగా మన ఊరకుక్క పిల్ల. సెల్లార్‌లో దొరికిందాన్ని తెచ్చుకున్నారని మీ అమ్మ గొణిగింది గానీ, నాకైతే సంతోషమే. మన ఎండలకి ఈ జాతే నయం. సున్నుండ అని పెట్టిన పేరు కూడా బాగుంది, కానీ నాలుగు రోజుల్లో అది ఎలాగూ ‘సున్నీ’ అయిపోతుంది, ఇప్పట్నించే అలా పిలవండి.

రాత్రంతా ఏడ్చిందని, అల్లుడుగారికి నిద్ర లేదని అన్నావు. ఏడవదా మరి? మొన్నటిదాకా తోడపుట్టినవాళ్ల మధ్య ముద్దగా పడుకున్న ప్రాణం. వంటింట్లో ఒంటరిగా కట్టేయొద్దు. మీ మంచం పక్కనే అట్టపెట్టె పెట్టి, నువ్వు కట్టి విడిచిన నూలు చీర ఉతక్కుండా అందులో వెయ్యి. మూలిగినప్పుడు చెయ్యి కిందికి వేలాడేస్తే చాలు, దీపం వేసి ఆడించొద్దు. కొన్ని రాత్రుల్లో సర్దుకుంటుంది. చుట్టాలందర్నీ చూడ్డానికి పిలవడం కూడా ఒక వారం ఆపు.

ఇక అసలు సంగతి. టీకాలు పూర్తయ్యేదాకా దాని కాలు వీధి మట్టి మీద పెట్టనివ్వకు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణముంది. ఇరవై ఏళ్ల కిందట మా రెండో కుక్కపిల్లకి మొదటి టీకా వేయించి, ఇక భయం లేదనుకుని వీధి చివర ఖాళీ స్థలంలో తిప్పాను. వారం తిరిగేసరికి తిండి మానేసింది, వాంతులు. అజీర్తేమో అని ఒక పూట ఆగాను. మర్నాటికి నెత్తుటి విరేచనాలు, మూడో రోజుకి పోయింది. పార్వో అనే వైరస్ జబ్బు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుందట, అది నాకు తర్వాత తెలిసింది. మీ పిల్లకి రెండు నెలలంటున్నావు కాబట్టి మొదటి డోసుకి ఇదే సమయం. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. నులిపురుగుల మందు కూడా బరువు చూసి డాక్టరే ఇస్తారు. వాంతులూ విరేచనాలూ మొదలైతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.

అలాగని గదిలో బంధించినా తప్పే. మూడు నెలలు దాటేలోపు చూడనివాటికి పెద్దయ్యాక బెదిరిపోతుంది. ఎత్తుకుని బాల్కనీలోంచి ఆటోలు, చెత్త బండి, గొడుగు వేసుకున్న మనిషి, అన్నీ చూపించు. కుక్కర్ విజిల్ వేసినప్పుడు చేతిలో ఒక కోడిమాంసం ముక్క పెట్టు. దీపావళికి నీకే తెలుస్తుంది తేడా.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు, కానీ దాని కోసం ఆగక్కర్లేదు. ఈలోగా ఆటలో దాని పన్ను గీరుకున్నా సరే, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి. పసుపూ, సున్నం పూయొద్దు. వీధిలో పుట్టిన పిల్ల, తల్లికి టీకా ఉందో లేదో ఎవరికి తెలుసు?

తిండి. ఆవుపాలు, ప్యాకెట్ పాలు పోయకు, చాలా పిల్లలకి అరగవు. రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెంగా కుక్కపిల్లల మేత గానీ, ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, మెత్తటి అన్నం గానీ పెట్టు. ఒట్టి పెరుగన్నంతో పెంచితే ఎముకలు గట్టిపడవు. మీ అత్తగారు ప్రేమకొద్దీ బిర్యానీ ఎముకలు వేస్తారు, ముందే చెప్పు: ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, పాయసంలో కిస్‌మిస్ విషమే. ఒళ్లు వెచ్చగా ఉందని మన జ్వరం బిళ్ల వేశావో, నేనూరుకోను.

నిద్ర లేచిన వెంటనే, తిన్నాక, ఆడాక ఎత్తుకెళ్లి బాల్కనీలో పేపర్ మీద నిలబెట్టు, పని అయ్యాక మెచ్చుకో. హాల్లో పోస్తే తుడిచెయ్యి, అంతే. మూతి రుద్దడం, చీపురు ఎత్తడం చేస్తే చాటుగా సోఫా వెనక పోయడం నేర్చుకుంటుంది. మా మొదటిది అదే చేసింది, తప్పు నాదే. నేల ఫినాయిల్‌తో తుడవకండి, అది నాకుతుంది.

అల్లుడుగారి చెప్పులు అలమరాలో పెట్టమను. నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడతాయి, చిగుళ్లు దురద. తడిపి ఫ్రీజర్‌లో పెట్టిన గుడ్డముక్క ఇస్తే కాసేపు దాంతో గడుపుతుంది. చేతి వేళ్లతో మాత్రం ఆడించొద్దు. చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో రోజూ వెతుకు. కిరోసిన్ రాయమని ఎవరైనా చెబితే వినకు.

అపార్ట్‌మెంట్ వాళ్లు గొణుగుతారని టెన్షన్ పడకు. కుక్కని పెంచొద్దని సంఘం తీర్మానం చేసినా చెల్లదు. నువ్వు మాత్రం లిఫ్ట్‌లో అది పోసింది తుడుచుకుంటూ ఉండు.

వచ్చే ఆదివారం నేను వస్తున్నాను. ఈలోగా దాని తూకం చూసి రాసిపెట్టు. సున్నుండలు తెస్తున్నాను, మనుషులకే.

మీ పెద్దమ్మ