పంప్ మార్చినా కారు స్టార్ట్ కాలేదు... మా అమ్మాయి ఈ పనికి సరిపోదా?

ప్రశ్న: మా అమ్మాయి ఆటోమొబైల్ డిప్లొమా చేసి, ఎనిమిది నెలలుగా ఒక వర్క్‌షాప్‌లో ట్రైనీగా ఉంది. పోయిన వారం స్టార్ట్ కాని పెట్రోల్ కారు ఒకటి ఆమెకు అప్పగించారు. సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఫ్యూయల్ పంప్ తిరగడం లేదని గమనించి, పంప్ పోయిందని చెప్పి మార్పించింది. అయినా స్టార్ట్ కాలేదు. చివరికి సీనియర్ వచ్చి చూస్తే క్రాంక్ సెన్సర్ పోయిందట. అందరి ముందూ మాట పడింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్, మానేస్తానంటోంది. పైగా ఎలక్ట్రిక్ బండ్లు వచ్చేస్తున్నాయి. ఇప్పుడే మానిపించి ఏదైనా ఆఫీసు పని వైపు పంపమంటారా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మానిపించకండి. కనీసం ఈ కారణంతో మానిపించకండి. మీరు రాసిన ఆ కాసిని వాక్యాల్లోనే మీ అమ్మాయి గురించి ఒక మంచి సంగతి ఉంది. సెల్ఫ్ కొడుతుంటే పంప్ తిరగడం లేదని ఆమె కనిపెట్టింది. అది నిజమే. చాలామంది ట్రైనీలు అంతవరకూ కూడా రారు. ఆమె పొరపడింది ఆ తర్వాత అడుగులో. పంప్ తిరగడం లేదనేది కళ్లతో చూసిన విషయం. పంప్ పోయిందనేది ఊహ. ఆ ఊహ నిజమో కాదో చూసుకోకుండానే స్పానర్ పట్టుకుంది.

ఆ రోజు ఏం జరిగిందో మీకు అర్థమయ్యేలా చెబుతాను, ఎందుకంటే ఇంట్లో ఆమెతో మాట్లాడాల్సింది మీరే. ఇప్పటి పెట్రోల్ కార్లలో పంప్ ట్యాంకులోనే ఉంటుంది. దానంతట అది తిరగదు. ఈసీయూ అనే కంప్యూటర్ రిలే (కరెంటును ఆన్ ఆఫ్ చేసే స్విచ్) ద్వారా దానికి కరెంటు ఇప్పించాలి. కీ ఆన్ చేయగానే చాలా కార్లలో పంప్ ఓ రెండు సెకన్లు తిరిగి, లైన్‌లో ప్రెషర్ నింపి ఆగిపోతుంది. వెనక సీటు దగ్గర చెవి పెడితే ఆ 'జుయ్' చప్పుడు వినిపిస్తుంది. మళ్లీ తిరగాలంటే ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి తెలియాలి. ఆ కబురు చెప్పేదే క్రాంక్ సెన్సర్. ఈ ఏర్పాటు వెనక ఒక జాగ్రత్త ఉంది. ఏదైనా గుద్దుకుని ఇంజిన్ ఆగిపోయాక కూడా, తెగిన పైపులోంచి పంప్ పెట్రోల్ పోస్తూ ఉంటే ఏమవుతుందో ఊహించండి.

సెన్సర్ పోతే ఈసీయూ దృష్టిలో ఇంజిన్ కదలనట్టే. సెల్ఫ్ ఎంత కొట్టినా పంప్‌ని పిలవదు, ఇంజెక్టర్లను తెరవదు, ప్లగ్గుల్లో స్పార్క్ కూడా ఇవ్వదు. పంప్ బాగానే ఉంది పాపం, దాన్ని పనికి పిలిచినవాళ్లే లేరు.

మీ అమ్మాయి స్పార్క్ చూసి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. పెట్రోలూ రావడం లేదు, స్పార్కూ రావడం లేదు అంటే రెండు పార్టులు ఒకే రోజు కూడబలుక్కుని పాడైపోవు. రెండింటికీ పైన ఉన్నదేదో ఒకటి పోయి ఉండాలి: సెన్సర్, మెయిన్ రిలే, ఒక ఫ్యూజు, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు), లేదా ఈసీయూకి వెళ్లే ఎర్త్ వైరు. స్కానర్ (ఈసీయూ చెప్పేది చదివే పరికరం) పెట్టి సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో, చూసినా సరిపోయేది. మామూలుగా 200 అటూ ఇటూ చూపించాలి. సున్నా దగ్గరే ఉండిపోతే సెన్సర్ మీదా, దాని వైర్ల మీదా అనుమానం పడాల్సిందే. స్కానర్‌లో క్రాంక్ సెన్సర్ తప్పును చూపే పీ0335 కోడ్ పడితే మరీ మంచిది, కానీ పడలేదు కదా అని సెన్సర్ బాగున్నట్టు కాదు.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నేళ్లు గ్యారేజీలో చేశాను. నేనూ ఒక పంప్ విప్పాను. వెనక సీటు తీసి, కనెక్టర్ ఊడదీసి, పంప్ బయటికి లాగాక లోపలికి టార్చ్ వేసి చూస్తే ట్యాంకులో పెట్రోలే లేదు! డాష్‌బోర్డు మీద గేజ్ పావు ట్యాంకు చూపిస్తోంది, లోపల ఫ్లోట్ ఇరుక్కుపోయింది. ఆ తర్వాత చాలా రోజులు నన్ను చూసినప్పుడల్లా "ట్యాంకు చూశావా?" అని అడిగేవాళ్లు. అందుకే మీ అమ్మాయి పడ్డ మాట ఎలాంటిదో నాకు తెలుసు.

ఇక ఆమె నేర్చుకోవాల్సిన దాని గురించి. మార్చే ముందు కొలవడం. ఇంధనం అనుమానం వస్తే మొదట ప్రెషర్ గేజ్ పెట్టాలి. ఇన్‌టేక్ పోర్టులో ఇంజెక్టర్లున్న పెట్రోల్ ఇంజిన్లలో ఎక్కువగా 3 నుంచి 4 బార్ (ప్రెషర్ కొలత) ఉంటుంది. ఆ బండికి కంపెనీ ఎంత చెప్పిందో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి. ప్రెషర్ వచ్చి, కీ ఆఫ్ చేయగానే జారిపోతుంటే పంప్‌లోని చెక్ వాల్వో (ఇంధనం వెనక్కి పోకుండా ఆపేది), ప్రెషర్ రెగ్యులేటరో, కారుతున్న ఇంజెక్టరో చూడాలి. పొద్దున్నే చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ అందుకోని బండి, కీని రెండు మూడుసార్లు ఆన్ ఆఫ్ చేశాక టక్కున స్టార్ట్ అయితే అది ఇలాంటి కేసే కావచ్చు. రాత్రంతా లైన్ ఖాళీ అయిపోయి ఉంటుంది.

ప్రెషర్ అసలే లేకపోతే? అప్పుడు కూడా పంప్ జోలికి పోకూడదు. పంప్ కనెక్టర్ దగ్గరికి కరెంటు వస్తోందా అని చూడాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడతారు, 12 వోల్టులు చూపిస్తుంది, "కరెంటు వస్తోంది, పంపే పోయింది" అనేస్తారు. వైరు తుప్పు పట్టి ఒకే ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ లాగే కరెంటు దాదాపు ఏమీ ఉండదు. అదే చోట ఒక హెడ్‌లైట్ బల్బు తగిలించి చూడమనండి. వైరు బాగుంటే నిండుగా వెలుగుతుంది. బాగా లేకపోతే ఎర్రగా మినుకుమంటుంది, లేదా అసలు వెలగదు. పంప్ నాలుగైదు ఆంపియర్లు లాగాలి, కొన్ని ఇంకా ఎక్కువ. బల్బునే వెలిగించలేని వైరు పంప్‌ని ఏం తిప్పుతుంది? ఎర్త్ వైపు కూడా ఇదే పరీక్ష. నా లెక్కలో ఈ ఒక్క పరీక్ష చేతికి వస్తే సగం మెకానిక్ అయినట్టే.

వీటన్నిటికంటే ముందు బ్యాటరీ. సెల్ఫ్ తిరుగుతున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి 9.6 కంటే కిందికి పడిపోతుంటే ఈసీయూ కూడా తడబడవచ్చు.

పెట్రోల్ ఎక్కువైపోయిన కేసులూ ఉంటాయి. ప్లగ్గు విప్పితే తడిగా, ఘాటుగా వాసన వస్తుంది. ఇంజెక్టర్ కార్లలో చాలావాటిలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే ఇంజెక్టర్లు మూసుకుని, లోపలి పెట్రోల్ ఆరుతుంది. కార్బ్యురేటర్ బైకులు నెలల తరబడి కదలకుండా ఉంటే పాత పెట్రోల్ జిగురై పైలట్ జెట్ (పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రం) మూసుకుపోతుంది. ఇంధనంలో నీళ్లు కలిశాయన్న అనుమానం ఉంటే గాజు సీసాలోకి కొంచెం తీసి కాసేపు కదపకుండా ఉంచితే చాలు, నీళ్లు అడుక్కి చేరతాయి. డీజిల్‌లో అయితే ఎక్కువగా ఎయిర్ పట్టడం, ఫిల్టర్ మూసుకుపోవడం, గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజిన్‌ని వేడి చేసేవి) పోవడం. డీజిల్ కారులో పొరపాటున పెట్రోల్ పోస్తే మాత్రం కీ కూడా ఆన్ చేయకూడదు. హైప్రెషర్ పంప్‌కి డీజిలే లూబ్రికేషన్.

తల్లిగా మీరు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హైప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందేవి) ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, కొన్నిటిలో రెండు వేలు కూడా. పాత డీజిల్ ఇంజిన్లలో ఎయిర్ తీయడానికి ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టేవాళ్లు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆపరేషన్ చేయాల్సిన ఎమర్జెన్సీ అది. పెట్రోల్ లైన్ విప్పే ముందు కూడా ప్రెషర్ దించాలి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. ఎంత సీనియరైనా సరే, "పర్లేదు, త్వరగా కానీ" అంటే వినక్కర్లేదు.

ఎలక్ట్రిక్ బండ్ల సంగతి. వాటిలో ఫ్యూయల్ పంపూ ఉండదు, ఇంజెక్టరూ ఉండదు, నిజమే. ఫ్యూయల్ లైన్లు విప్పడం మాత్రమే వచ్చినవాళ్లకు పని తగ్గుతుంది. కానీ రిలేలు, సెన్సర్లు, ఎర్త్‌లు, 12 వోల్టుల బ్యాటరీ వాటిలోనూ ఉన్నాయి. వైరింగ్ డయాగ్రమ్ చదివి, మీటర్‌తో తప్పు పట్టుకోవడం వచ్చిన మనిషికి అక్కడా పని ఉంటుంది. హైవోల్టేజి వైపు వెళ్లాలంటే మాత్రం ప్రత్యేకంగా శిక్షణ తీసుకోవాలి, చూసి నేర్చుకునే పని కాదది. రెండేళ్ల తర్వాత ఆలోచించవచ్చు.

ఆ వర్క్‌షాప్ గురించి నాకు కొంచెం అనుమానం ఉంది. ఎనిమిది నెలల ట్రైనీ పంప్ మార్చాలంటే ఎవరూ "ప్రెషర్ ఎంత వచ్చింది?" అని అడగలేదా? అడగకుండా మార్చనిచ్చి, తర్వాత తిట్టారంటే తప్పులో వాళ్లకూ వాటా ఉంది. సీనియర్ ఆ సెన్సర్‌ని ఎలా పట్టుకున్నాడో ఆమెకు చూపించాడా లేదా కనుక్కోండి. చూపించి ఉంటే అక్కడే ఉండనివ్వండి, మాట పడ్డా ఫరవాలేదు. ఎప్పుడూ పార్టులు మార్చే పనే ఇస్తూ, కారణం చెప్పకుండా ఉంటే వర్క్‌షాప్ మార్చమనండి, రంగం కాదు.

మానేయడం గురించిన మాట మూడు నెలలు పక్కన పెట్టండి. ఈలోగా ఆమె ఒక నోట్‌బుక్ పెట్టుకోవాలి. బాగా నడుస్తున్న బండ్లు సర్వీసుకి వచ్చినప్పుడు వాటి ఫ్యూయల్ ప్రెషర్, సెల్ఫ్ కొట్టేటప్పటి వోల్టేజి, ఆర్‌పీఎం రాసుకోవాలి. బాగున్న బండి ఎంత చూపిస్తుందో తెలిస్తేనే బాగాలేనిది దొరుకుతుంది. ఇవాళ ఇంటికొచ్చాక, తిట్ల గురించి కాకుండా, ఆ కారు గురించి అడగండి: "ఆ రోజు స్పార్క్ వచ్చిందా?" అని. "అయ్యో, చూడలేదమ్మా" అని ఆగి, ఆమె ఏదో ఆలోచనలో పడితే మీరింక ఏమీ చెప్పక్కర్లేదు. విసుక్కుని, ఆ కారు ఊసే ఎత్తొద్దంటే, అది వారమంతా అలాగే సాగితే, మళ్లీ రాయండి. అప్పుడు వేరే దారుల గురించి మాట్లాడుకుందాం.