లేఅవుట్ కంటికి బాగుంది, ఫొటోలో బొమ్మలా ఉంది: అరకు ఘాట్ సీనరీలో ఏం మార్చాలి?

మీ ప్రశ్న ఇది: మోడల్ రైల్వే అభిరుచితో, హెచ్.ఓ. స్కేల్లో అరకు ఘాట్ రైల్వే లైన్‌ను పోలిన 4×2 అడుగుల మాడ్యూల్ (పట్టాలు, కొండలు, చెట్లతో కూడిన చిన్న లేఅవుట్) కట్టారు. ఎదురుగా నిలబడి చూస్తే బాగానే ఉంది. ఫోన్‌తో ఫొటో తీస్తే మాత్రం ఆటబొమ్మలా కనిపిస్తోంది. లోపం సీనరీలో ఉందా, ఫొటోలో ఉందా?

రెండింటిలోనూ ఉంటుంది. అయితే ముందు సీనరీ సంగతి చూసుకోవాలి, ఎందుకంటే కన్ను సర్దుకుపోయే లోపాలను కెమెరా వదిలిపెట్టదు. హెచ్.ఓ. అంటే 1:87, అసలు దాంట్లో 87వ వంతు. కాబట్టి లేఅవుట్ మీద పెట్టే ప్రతి దాన్నీ 87తో గుణించి చూడండి. 1 మి.మీ. ఇసుక రేణువు అసలు లైన్ పక్కన 87 మి.మీ. రాయి. 2 మి.మీ. అట్టతో చేసిన స్టేషన్ కప్పు అంచు 17 సెం.మీ. మందం. ఫొటో బొమ్మలా కనిపించడానికి సగం కారణం ఇలాంటి కొలతలే.

ముందు కంకర. మన రైల్వే కంకర 20 నుంచి 65 మి.మీ. మధ్య ఉంటుంది. 1:87లో అది సుమారు 0.25 నుంచి 0.75 మి.మీ. ఇంత సన్నటి కంకరకు ఇళ్లు కట్టేచోట దొరికే రోబో శాండ్ (రాయిని పిండి చేసిన ఇసుక) చాలా బాగా పనికొస్తుంది. రంగు ముదురు బూడిద, అంచులు పదునుగా ఉంటాయి. సన్న పిండి జల్లెడలోంచి దిగినదాన్ని తీసుకుని, అందులోని దుమ్మును కడిగి ఆరబెట్టండి. తర్వాత కాగితం మీద పరిచి, కింద అయస్కాంతం తిప్పి, కదిలే రేణువులన్నీ ఏరేయండి. అవి ఉంటే ఇంజన్ మోటార్ లాక్కుంటుంది, గేర్లు అరిగిపోతాయి. విశాఖ, భీమిలి తీరపు ఇసుక మాత్రం వాడకండి. అందులో అయస్కాంతానికి అంటుకునే నల్ల ఖనిజాలు, ఉప్పు రెండూ ఉంటాయి. రేణువులు కూడా గుండ్రంగా ఉంటాయి కాబట్టి కంకరలా కనిపించవు.

కంకర మెత్తటి బ్రష్‌తో సర్ది, స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెల) పైభాగం పూర్తిగా తుడిచాకే జిగురు జోలికి వెళ్లండి. ముందు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఒక అడుగు ఎత్తు నుంచి మంచులా స్ప్రే చేయాలి. ఈ తడి లేకపోతే జిగురు చుక్క కంకర మీద ముత్యంలా నిలబడి, దొర్లి, గుంట చేస్తుంది. తర్వాత ఒక వంతు ఫెవికాల్, మూడు వంతుల నీళ్లు, 100 మి.లీ.కి రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, డ్రాపర్‌తో స్లీపర్ల మధ్య వదలండి. ఆరడానికి ఒక రోజు, వానాకాలంలో రెండు రోజులు. పాయింట్ల దగ్గర, అంటే రైలు దారి మారేచోట, కదిలే పట్టాల కింద జిగురు అసలు పడకూడదు. అక్కడ ఒక్క పొర రేణువులు చాలు.

రంగు విషయంలో ఈ లైన్‌కు ఒక ప్రత్యేకత ఉంది. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ మార్గం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని మోసే లైన్. పట్టాల మధ్య కంకర మీద ఎర్రటి గోధుమరంగు దుమ్ము ఉండాలి, అంచుల వైపు అది పలచబడాలి. డ్రై పాస్టెల్ గీకి వచ్చిన పొడిని మెత్తటి బ్రష్‌తో అద్దితే సరిపోతుంది.

నేలకు నిజమైన ఎర్రమట్టి కంటే మంచిది లేదు. ఎండబెట్టి, ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచి, పలచటి గుడ్డలోంచి జల్లించండి. వేడి చేయకపోతే బూజు, పురుగు రెండూ వస్తాయి. జిగురు తగలగానే మట్టి రంగు ముదిరి, ఆరాక కూడా పూర్తిగా తేరుకోదు. అందుకే ముందే నాలుగో వంతు సుద్ద పొడి కలపండి. కింద థర్మకోల్ కొండను ఫెవికాల్‌తోనే అతికించాలి, ఫెవిక్విక్ దాన్ని కరిగించేస్తుంది. పైన మెడికల్ షాపులో దొరికే పీఓపీ బ్యాండేజ్ రెండు పొరలు వేసి, రాతి కటింగ్ కోసం ప్లాస్టర్‌లో రెడ్ ఆక్సైడ్ పొడి కలిపి పోయండి. అంచు పెచ్చులూడినా లోపల తెల్లగా కనిపించదు. ఫొటోలో ఒక్క తెల్ల చుక్క చాలు, కొండ మొత్తం ప్లాస్టరని తెలిసిపోతుంది.

చెట్ల దగ్గర దాదాపు అందరూ పొట్టి చెట్లే పెడతారు. 15 మీటర్ల తాటిచెట్టు హెచ్.ఓ.లో 17 సెం.మీ. ఉండాలి. అరకు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ 20 మీటర్లనుకుంటే 23 సెం.మీ. దానికి 3 మి.మీ. వెదురు పుల్లను పైకి పోనుపోను సన్నగా గీకి, గోనె పీచును కొమ్మలుగా అతికించి, హెయిర్ స్ప్రే కొట్టి, మిక్సీలో సన్నగా కొట్టిన స్పాంజి పొడి చల్లాలి. ఆకు రంగు బూడిద కలిసిన పచ్చ ఉండాలి, చిలకపచ్చ కాదు. పొడవాటి గడ్డికి ఎండిన కొండచీపురు కంకులు బాగుంటాయి. వలిసె పూల పొలం పెట్టాలనుకుంటే స్పాంజి పొడికి అక్రిలిక్ పసుపు రంగు వేయండి. వంటింటి పసుపు వెలుతురుకు వెలిసిపోతుంది. ఇంకో మాట, వలిసెలు పూసేది నవంబరు, డిసెంబరుల్లో. పక్కనే ఎండాకాలపు ఎండుగడ్డి పెడితే ఆ కొండలు తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

ఇక ఫొటో. ఫోన్‌ను మామూలుగా నిలబెడితే లెన్స్ 14 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. అసలు కొలతలో అది 12 మీటర్లు, అంటే నాలుగో అంతస్తు నుంచి చూసినట్టు. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి కన్ను ఆ ప్లాట్‌ఫాం నుంచి 2 సెం.మీ. లోపే. ఫోన్‌ను తలకిందులు చేసి, లెన్స్ కింద ఉండేలా లేఅవుట్ మీదే పెట్టండి. ఈ ఒక్క మార్పుతో వచ్చే తేడా ఇంకే ఖర్చుతోనూ రాదు. దగ్గరికి వెళ్తే కొన్ని ఫోన్లు దానంతటవే అల్ట్రావైడ్‌కు మారి వంకర తెస్తాయి. 40-50 సెం.మీ. దూరంలో పెట్టి, మెయిన్ లెన్స్‌తో తీసి, క్రాప్ చేయండి. రైలును నేరుగా ఎదురు నుంచి తీయకండి. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.కి 1:87లో 19.3 మి.మీ. రావాలి, హెచ్.ఓ. ట్రాక్ 16.5 మాత్రమే. ఎదురు నుంచి ఆ ఇరుకు తెలుస్తుంది, ఏటవాలుగా తీస్తే తెలియదు.

వెలుతురు ఒకే దిక్కు నుంచి రావాలి. ట్యూబ్‌లైటు, కిటికీ, ఫ్లాష్ కలిస్తే రెండు మూడు నీడలు పడతాయి, ఆకాశంలో సూర్యుడు ఒక్కడే కదా. సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు మాత్రమే. 2 మీటర్ల దూరంలో దానికి సమానమైన దీపం సుమారు 18 మి.మీ. అందుకే సాఫ్ట్‌బాక్స్ (వెలుతురును మెత్తగా పరిచే పెద్ద దీపం) కన్నా చిన్న స్పాట్ ఎల్‌ఈడీ మేలు, సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నది చూసుకోండి. అవతలి వైపు ఒక తెల్ల డ్రాయింగ్ షీట్ నిలబెడితే నీడలు మరీ నల్లబడవు. మీది 4×2 కాబట్టి ఇద్దరు పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్లి ఉదయం ఎండలో తీస్తే ఈ దీపాల గొడవే ఉండదు. వెనక తెర మాత్రం 25-30 సెం.మీ. దూరంలో ఉండాలి. చెట్టు నీడ ఆకాశం మీద పడిందంటే ఫొటో అక్కడితో అయిపోయింది.

పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. వెనక అంతా మసకబారితే మెదడు వెంటనే చిన్న వస్తువని లెక్క కడుతుంది. డీఎస్ఎల్ఆర్ కెమెరా అయితే అంతా ఫోకస్‌లోకి రావాలని ఎఫ్/22కి, అంటే లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, వెళ్లినా లాభం లేదు, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల మొత్తం ఫొటో మెత్తబడుతుంది. ఎఫ్/8, ఐఎస్ఓ 100, 2 సెకన్ల టైమర్ పెట్టి, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి, దగ్గర నుంచి దూరానికి ఫోకస్ జరుపుతూ 8-12 ఫొటోలు తీయండి. ఫోన్లో ప్రో మోడ్ ఫోకస్ స్లైడర్‌తోనూ ఇదే పని చేయవచ్చు. వాటిని హెలికాన్ ఫోకస్ అనే సాఫ్ట్‌వేర్‌లో గానీ, ఫొటోషాప్‌లో ఆటో-అలైన్, ఆటో-బ్లెండ్‌తో గానీ కలపండి. ఇలా కలిపినప్పుడు కరెంటు తీగల చుట్టూ తెల్లటి గీత వస్తుంది. ఆ చోట మాత్రం తీగ మీద ఫోకస్ ఉన్న ఒక్క ఫొటోలోంచి తీసుకుని అతికించాలి. తీసేముందు మెత్తటి మేకప్ బ్రష్‌తో బోగీల పైకప్పులు తుడవండి. ఆ దుమ్ము పోగు ఒక్కొక్కటి ఫొటోలో తాడంత కనిపిస్తుంది, ఫొటోలన్నీ కలిపాక దాన్ని తీసేయడం చాలా కష్టం.