ఆగమన కాలపు పునీతులు, లూసియా గోధుమలు

ప్రశ్న: పునీత లూసియా పండుగకు గోధుమలు మొలకెత్తించి క్రిస్మస్ పాక (యేసు పుట్టుక బొమ్మల పాక) దగ్గర పెడతారట. ఎలా చేయాలి? క్రిస్మస్‌కు ముందరి ఈ ఆగమన కాలంలో ఇంకెవరి పండుగలు వస్తాయి? – ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ఇది క్రొయేషియా, హంగేరీల ఆచారం. లూసియా 304లో ఇటలీలోని సిరక్యూజ్‌లో విశ్వాసం కోసం ప్రాణమిచ్చి వేదసాక్షిగా మరణించింది; పండుగ డిసెంబరు 13. ఆనాడు గింజలు పరిస్తే క్రిస్మస్‌కు పన్నెండు రోజులు. మన నల్గొండ చలికి సరిగ్గా సరిపోతుంది.

జానెడు పళ్లేనికి 50 గ్రాముల గోధుమలు చాలు. ముందురోజు రాత్రి నానబోయండి. పొద్దున కడిగి, పళ్లెం మధ్యలో కొవ్వొత్తి కోసం చిన్న గ్లాసు పెట్టి, చుట్టూ తడిగుడ్డ మీద గింజలు ఒకే పొరగా పరవండి. మొలక కనబడేదాకా మూత, తర్వాత కిటికీ వెలుతురు. రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరించాలి, పోయకూడదు. అడుగున నీళ్లు నిలిస్తే బూజు పట్టి పుల్లటి వాసన కొడుతుంది. చాలామందికి పాడయ్యేది ఇక్కడే. మందు పట్టించిన విత్తనాలు వద్దు, కిరాణా గోధుమలే తేండి.

ఇక డిసెంబరు 3 ఫ్రాన్సిస్ జేవియర్, 6 మిరా (నేటి టర్కీలో ఉంది) బిషప్పు నికోలాసు, 7 అంబ్రోసు, 14 సిలువ యోహాను. నికోలాసు, లూసియా పండుగల తేదీ ఆదివారం పడితే ఆ ఏడు ఆగమన ఆదివార పూజే ఉంటుంది. పిల్లల కార్యక్రమం పెట్టుకుంటే విచారణ (పారిష్) గురువుల్ని నవంబరులోనే అడగండి.