సూపర్‌హీరో సిరీస్‌లో కాస్ట్యూమ్ కామిక్స్‌లోలా ఎందుకు ఉండదు? అభిమానులు అడిగితే మారుస్తారా?

కామిక్స్‌లో డ్రెస్ అంటే ఒంటిమీద పూసిన రంగే. బొమ్మకి చెమట పట్టదు, జిప్ అక్కర్లేదు. నటుడు మాత్రం ఆ సూట్‌లోనే గంటల తరబడి ఫైట్లు చేయాలి. స్టంట్‌మ్యాన్‌కి అలాంటిదే ఇంకొకటి కుట్టాలి. పైగా మెరిసే పసుపు, ఎరుపు తెరమీద చవగ్గా కనిపిస్తాయేమోనని రంగుల్ని ముదురు చేస్తుంటారు. ఈ భయం కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం.

అడిగితే మారుస్తారా అంటే, మారుస్తారు, కానీ మెల్లగా. 2014లో మొదలైన 'ది ఫ్లాష్' ఐదో సీజన్‌లో మాస్క్‌కి గడ్డం కింద ఉండే భాగం తీసేస్తే చాలామందికి నచ్చలేదు. ఆరో సీజన్‌కి అది తిరిగొచ్చింది. కామిక్స్‌లోని బంగారు రంగు బూట్ల కోసం మాత్రం ఎనిమిదో సీజన్ దాకా ఆగాల్సి వచ్చింది! 2015 నాటి 'డేర్‌డెవిల్'లో అయితే మొదటి సీజన్ దాదాపు మొత్తం నల్లబట్టలతోనే నడిచింది, ఎర్ర సూట్ చివరి ఎపిసోడ్‌లో గానీ రాలేదు.

నటుల ఎంపిక సంగతి వేరు. సిరీస్ అంటే ఏళ్ల తరబడి డేట్లు ఇవ్వాలి కాబట్టి అభిమానులు కలలుగనే పెద్ద స్టార్లు దొరకడం కష్టం. ఒకసారి పాత్రలో కుదిరాక మాత్రం అభిమానులు వదలరు. 'డేర్‌డెవిల్'ని 2018లో ఆపేసినా, 2025 నాటి కొత్త సిరీస్‌లో మళ్లీ పాత హీరో చార్లీ కాక్సే కనిపించాడు.