సెంట్రల్ సిటీ ఆపెరాకి అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నావు కదా

అమ్మలూ,

జూలైలో అమ్మానాన్నల్ని సెంట్రల్ సిటీకి తీసుకెళ్తానన్నావు, చాలా సంతోషం. డెన్వర్ వచ్చినవాళ్ళని అందరూ రెడ్ రాక్స్, ఎస్టెస్ పార్క్ తిప్పి పంపించేస్తారు, గంట దూరంలో కొండల్లో ఉన్న సెంట్రల్ సిటీలోని ఈ ఆపెరా హౌస్ (మొదటినుంచి చివరిదాకా పాటగా సాగే పాశ్చాత్య నాటకాలు ఆడే హాలు) సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియనే తెలియదు. అందుకే అడిగినదానికన్నా కాస్త ఎక్కువే రాస్తున్నాను.

"మ్యూజికల్ ఒక్కటి చూపిస్తాను, ఆపెరా వాళ్ళకి అర్థం కాదు" అన్నావే, అక్కడ నీతో ఒప్పుకోను. మ్యూజికల్ అంటే మాటలూ పాటలూ కలిసిన నాటకం, అందులో మాటలు ఎక్కువ, జోకులు ఇంగ్లీషులో గబగబా వెళ్ళిపోతాయి, నిజానికి మీ అమ్మకి కష్టమయ్యేది అదే. ఆపెరాలో ఇటాలియన్‌లో పాడినా, ఫ్రెంచ్‌లో పాడినా ఇంగ్లీషు మాటలు తెర మీద పడుతుంటాయి, ఒక్కో మాటని అంతసేపు పాడతారు కాబట్టి చదువుకోవడానికి టైం ఉంటుంది. పైగా మీ నాన్నగారు తెల్లవార్లూ పద్యనాటకాలు చూసిన మనిషి. హరిశ్చంద్రుడి కథ తెలియనివాళ్ళెవరు, అయినా కాటి సీనులో పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తాడో వినడానికే కదా జనం కూర్చునేది! ఆపెరాలో ఆరియా, అంటే ఒక పాత్ర ఒంటరిగా పాడే పెద్ద పాట, కూడా అంతే, కథ అక్కడ ఆగి పాత్ర మనసులో ఉన్నదంతా గొంతులోకి వస్తుంది. ఆపెరా గాయకులు మైకు పెట్టుకోరు. ఆ హాల్లో సుమారు 550 సీట్లే కాబట్టి వెనక కూర్చున్నా ఆ గొంతు నేరుగా వచ్చి తగులుతుంది, పెద్ద నగరాల్లో మూడు నాలుగు వేల సీట్ల హాళ్ళలో ఇంత దగ్గరితనం దొరకదు. వన్స్ మోర్ మాత్రం అనకూడదని నాన్నగారికి ముందే చెప్పు, ఆరియా అయ్యాక చప్పట్లు ఎంత గట్టిగా కొట్టినా ఫరవాలేదు.

వెళ్ళే ముందు రాత్రి కథంతా తెలుగులో చెప్పెయ్యి, ముగింపుతో సహా. సస్పెన్స్ పోతుందని దాచకు, కథ తెలిస్తేనే పాట మీద మనసు నిలుస్తుంది.

సీజన్ మామూలుగా జూన్ చివర్లో మొదలై ఆగస్టు మొదట్లో అయిపోతుంది, ఆ కొద్ది వారాల్లోనే రెండు మూడు నాటకాలు మార్చి మార్చి వేస్తారు. మ్యాటినీకే బుక్ చెయ్యి, వెలుతురుండగానే కొండ దిగిపోవచ్చు. బాల్కనీకి మెట్లెక్కాలి, నాన్నగారి మోకాళ్ళకి అది వద్దు, కొనేటప్పుడే కింద సీట్లు చూసుకో.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఎత్తు విషయంలో. డెన్వర్ 5,280 అడుగులు, సెంట్రల్ సిటీ దాదాపు 8,500. ఇండియా నుంచి దిగిన వారంలోనే తీసుకెళ్ళకు, కొన్నాళ్ళు డెన్వర్ గాలికి అలవాటు పడనీ. ముందు రోజు నుంచే నీళ్ళు బాగా తాగించు. ఊరు లోయలో ఉంది, వీధులన్నీ ఏటవాలు, నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వస్తుంది, అందుకని వాళ్ళని హాలు ముందు దింపి నువ్వెళ్ళి కారు పార్క్ చేసుకుని రా. తలనొప్పి, కళ్ళు తిరగడం మొదలైతే టికెట్ డబ్బుల గురించి ఆలోచించకుండా కిందికి వచ్చెయ్యాలి. జూలై మధ్యాహ్నాల్లో అక్కడ ఉన్నట్టుండి ఉరుములతో వాన పడి చలేస్తుంది, స్వెటర్లు పట్టుకెళ్ళు.

దారికి ఐ-70 మీద 243వ ఎగ్జిట్ తీసుకుని సెంట్రల్ సిటీ పార్క్‌వే మీదుగా పో. క్లియర్ క్రీక్ లోయ దారి అందంగానే ఉంటుంది గానీ మలుపులు ఎక్కువ, మీ అమ్మకి కార్లో కడుపులో తిప్పుతుంది కదా. పులిహోర కట్టుకెళ్ళి నాటకానికి ముందే తినేయండి, కొంచెంగా.

ఊళ్ళోకి వెళ్ళగానే క్యాసినోలు కనిపిస్తాయి, 1991 నుంచి అక్కడ జూదం చట్టబద్ధం. అవి దాటి యురేకా వీధిలోకి వస్తే రాతి గోడల ఆపెరా హౌస్ ఉంటుంది. దాని కథ నాన్నగారికి చెప్పు, ఆయనకి నచ్చుతుంది. 1859లో అక్కడ బంగారం పడింది. 1874లో ఊరు చాలావరకు తగలబడిపోయింది. నాలుగేళ్ళకే, 1878లో, ఈ హాలు కట్టుకున్నారు. గనుల్లో పనిచెయ్యడానికి బ్రిటన్‌లోని కార్న్‌వాల్, వేల్స్ నుంచి వచ్చినవాళ్ళు పాటంటే ప్రాణం పెట్టేవాళ్ళు, ఊరి జనమే చందాలు వేసుకున్నారు. బంగారం తగ్గాక హాలు కొన్నాళ్ళు సినిమాలాడి మూతపడింది. 1932లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, డెన్వర్ ఆడవాళ్ళు పూనుకుని బాగుచేయించారు. కుర్చీల మీద పాతతరం వాళ్ళ పేర్లు చెక్కించి విరాళాలు పోగుచేశారు. ఇప్పటికీ వేసవి నాటకాలు ఆడుతున్నాయంటే అది వాళ్ళ చలవే. కొలరాడో వెండి గనుల యజమాని టేబర్, అతని భార్య కథతో రాసిన ఇంగ్లీషు ఆపెరా 'ది బాలడ్ ఆఫ్ బేబీ డో' 1956లో మొదటిసారి ఆడింది కూడా ఇక్కడే. దగ్గర్లోనే టెల్లర్ హౌస్ అనే పాత హోటల్ భవనం ఉంది, 1873లో అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ వస్తే దాని గుమ్మం ముందు వెండి ఇటుకలు పరిచారు, బయటినుంచైనా చూపించు.

ఒకరోజు ఆపెరా, మరో వారం మ్యూజికల్, వీలైతే రెండూ చూడండి. ఒక్కటే కుదిరితే ఆపెరాకే వెళ్ళండి. టికెట్లు కొన్నాక ఏ నాటకమో చెప్పు, మీ అమ్మకి కథ నేనే ఫోన్లో చెప్తాను.

మీ పెద్దమ్మ