ఐదేండ్ల పోరలు ఇంటర్ వయసుకు ఎట్ల పోతున్నరు?

ప్రశ్న: అన్నా, మా ఊరి జనాభా వచ్చే 30 ఏండ్లల్ల ఎట్ల మారుతదో చూద్దామని కంప్యూటర్ల ప్రోగ్రామ్ రాస్తున్న. 0–4, 5–9, 10–14 అని గ్రూపులు పెట్టి, ఏటేటా ఒక్కో గ్రూపుకెళ్లి ఐదో వంతు మందిని పై గ్రూపుకు జరుపుతున్న. ప్రోగ్రామ్ మంచిగనే నడుస్తుంది గని బడి పిల్లల లెక్క చూస్తే నమ్మబుద్ధి అయితలేదు. ఏడ తప్పు పోయింది?
– డిగ్రీ విద్యార్థి, వనపర్తి

జవాబు: తమ్ముడూ, తప్పంతా ఆ ఐదో వంతులనే ఉంది. గ్రూపుల ఎవరు నిన్న చేరిండ్రు, ఎవరు నాలుగేండ్ల సంది ఉన్నరు అనేది ప్రోగ్రామ్‌కు తెల్వదు, అందర్నీ ఒక్కటే కింద చూసి 20 శాతం పైకి తోలుతది. ఒకే ఏడు పుట్టిన 100 మందిని పట్టుకొని చూడు, చావులు ఇప్పటికి పక్కకు పెట్టు. ఐదేండ్లకు అందరూ 5–9ల ఉండాలె గదా, నీ లెక్కల అక్కడ 41 మందే ఉంటరు, 33 మంది ఇంక అంగన్‌వాడీ వయసులనే ఆగుతరు, 20 మంది 10–14కు దుంకుతరు, ఒక ఐదుగురైతే ఏకంగ 15–19ల, అంటే ఇంటర్ వయసుల తేలుతరు. గిట్లయితే బడికి ఎన్ని గదులు కావాల్నో ఎవరు చెప్పగల్గుతరు?

గ్రూపులు ఐదేండ్లవైతే అడుగు కూడా ఐదేండ్లకొక్కటే వెయ్యి, అప్పుడు గ్రూపుల బతికున్నోళ్లందరూ ఒక్కసారే పై గ్రూపుకు పోతరు. లెస్లీ అనే ఆయన 1945ల చెప్పిన మాట్రిక్స్ (అంకెల పట్టిక) పద్ధతి ఇదే, గ్రూపు వెడల్పు, అడుగు రెండూ సమానం. నేనైతే ఒక్కో ఏడుకు ఒక్కో గడి పెట్టుమంట, 0 నుంచి 79 దాక, ఆఖరుకు 80 పైన అందరికీ ఒక్కటే గడి, ఆడ మగ వేరువేరు, గింత లెక్క పాత లాప్‌టాప్ కూడా చిటికెల చేస్తది. ఇంకో లాభమేందంటే, పసిపిల్లల చావులు మొదటి ఏడాదిలనే ఎక్కువ, 0–4 అని కలిపేస్తే అది కనపడదు.

జనాభా లెక్కలల్ల ఒక్కో ఏడు వయసు పట్టిక ఉంటది గని దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కియ్యకు. "ఒక యాభై రాసుకో సారూ" అనే పెద్దమనుషులు ప్రతి ఊర్ల ఉంటరు, అందుకే 40, 45, 50 దగ్గర జనం కుప్పపడి 49, 51 ఖాళీగ కనిపిస్తయి. సున్నా, ఐదుతోని అయిపోయే వయసుల కాడ ఉన్నోళ్లను అటిటు సర్దినంకనే మొదలువెట్టు. 2011 లెక్కలేమో పాత మహబూబ్‌నగర్ జిల్లావి, 2016ల జిల్లా ముక్కలైంది కాబట్టి మొత్తం జనం లెక్కకు జిల్లాది కాకుండ నీ మండలం, నీ ఊరు అంకెలే తీసుకో.

ఇగ పాలమూరు లెక్కల వలస లేకపోతే అది లెక్కే కాదు. బొంబాయికో హైదరాబాద్‌కో పనికి పోయేది ఎక్కువగ పడుచు వయసోళ్లే, ముసలోళ్లు, బడి పిల్లలు చానమంది ఇంటికాడనే ఉంటరు, అన్ని వయసులకు ఒకే శాతం పెడితే ఊరు ఊరు లెక్కనే ఉండదు. వయసు వారీగ పెట్టు, పోయినోళ్లల్ల 15–49 ఆడోళ్లు ఎందరో విడిగ రాసుకో, పుట్టుకల లెక్క వాళ్లమీదనే నడుస్తది.